ఇద్దరి కోసం బోర్డు గేమ్: ముందు రాత్రిని చూడండి, తర్వాత పెట్టెను

డేట్ నైట్‌కి ఏ బోర్డు గేమ్ కొనాలని వెతికితే "టాప్ 10" జాబితాలు బోలెడు దొరుకుతాయి. వాటిలో చాలావరకు పెద్ద టేబులూ, ఏసీ గదీ, రెండు గంటల తీరికా ఉన్నవాళ్ళ కోసం రాసినవే. నెల్లూరులోనో ఒంగోలులోనో మామూలు ఇంట్లో కథ వేరు. అత్తగారి సీరియల్ అయ్యేసరికి తొమ్మిదిన్నర. పిల్ల నిద్రపోయేసరికి పది. ఆయన రొయ్యల చెరువు దగ్గరినుంచో, కృష్ణపట్నం పోర్టులో షిఫ్టు ముగించుకునో వచ్చి స్నానం చేసి కూర్చునేసరికి ఒంట్లో ఓపిక సగమే ఉంటుంది. ఆమె కూడా పొద్దున ఐదింటికి లేచిన మనిషే. పైన ఫ్యాను ఐదు మీద తిరుగుతుంటుంది. మే నెలైతే దాన్ని ఆపే మాటే లేదు.

అందుకే ఇక్కడ చెప్పే పద్ధతి ఆ జాబితాలకు తలకిందులుగా ఉంటుంది. ఏ ఆట గొప్పదో చివర్లో చూద్దాం. మీ ఇద్దరికీ దొరికే రాత్రి ఎలాంటిదో ముందు తేల్చుకుంటే, సగం ఆటలు వాటంతట అవే పక్కకు పోతాయి.

మొదటి అడుగు: ఎంత టైముందో నిజం చెప్పుకోండి

శనివారం రాత్రి రెండు గంటలు కూర్చుంటాం అని అనుకోవడం తేలిక. గత నెలలో నిజంగా ఎన్నిసార్లు అలా కూర్చున్నారో గుర్తు చేసుకోండి. చాలా ఇళ్ళలో దొరికేది నలభై నిమిషాలు, మహా అయితే గంట. మధ్యలో పిల్ల లేవచ్చు, చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్ ఆగిపోయిందని ఫోన్ రావచ్చు.

పెట్టె మీద వేసే టైము ఆట వచ్చినవాళ్ళ టైము. 30 నిమిషాలని ఉంటే మొదటిసారికి గంట లెక్కేసుకోండి. గంట అని ఉన్నదాన్ని మొదటి డేట్ నైట్‌కి అసలు తీయకండి. ముక్కలు ముక్కలుగా ఆడుకోగల ఆట అయితే ఇంకా మంచిది. "జైపూర్" అనే ఆటలో మూడు రౌండ్లలో రెండు గెలిచినవాళ్ళు విజేత. ఒక్కో రౌండు పది నిమిషాల వ్యవహారం. ఒక రౌండు కాగానే ఆపేసి మిగతాది రేపు ఆడుకున్నా ఏమీ చెడదు. బోర్డంతా పరిచి గంటసేపు కట్టుకుంటూ పోయే ఆటను అలా మధ్యలో వదల్లేం. పొద్దున లేచేసరికి దాని మీద ఇడ్లీ గిన్నె ఉంటుంది.

రెండో అడుగు: ఎక్కడ కూర్చుంటారు? ఫ్యాను ఎక్కడుంది?

ఈ సంగతి ఏ జాబితాలోనూ ఉండదు, మన దగ్గర ఆటను చెడగొట్టేది మాత్రం ఇదే.

మంచం మీద ఆడతామంటే, పరుపు కదిలితే జారిపోయే ఆటలు వద్దు. "అజూల్" చాలా అందమైన ఆట, గాజు బిళ్ళల్లా మెరిసే 100 పలకలతో గోడ మీద డిజైన్ కట్టాలి. అయితే దాని మామూలు పెట్టెలో స్కోరు గుర్తు ఒక చిన్న ఘనం, అట్ట మీద ఊరికే నిలబెట్టి ఉంటుంది. ఆయన దిండు సర్దుకున్నాడంటే ఎవరికెన్ని పాయింట్లో దేవుడికే తెలియాలి. దాన్ని నేల మీద చాప వేసుకుని ఆడాలి, లేదా డైనింగ్ టేబుల్ మీద.

ఫ్యాను కింద పేకముక్కలతో ఆడే ఆటలకు కష్టం. చేతిలో ఉన్నవి పర్వాలేదు, పరిచినవి ఎగిరిపోతాయి. దీనికి మూడు దారులున్నాయి. ఒకటి, బరువైన ముక్కలున్న ఆట తీసుకోవడం. "హైవ్" ఇందుకు పెట్టింది పేరు. దానికి బోర్డే ఉండదు. మందపాటి ఆరుకోణాల బిళ్ళలు 22, ఒక్కొక్కరికి 11. చీమ, సాలీడు, మిడత, పేడపురుగు, రాణి ఈగ. తుఫాను గాలికి కూడా కదలవు. రెండోది, పేకకు ప్లాస్టిక్ తొడుగులు వేయడం. కొంచెం బరువు వస్తుంది, చెమట చేతులకు తడవవు. మూడోది, ఫ్యాను గాలి నేరుగా తగలని మూలకు చాప జరుపుకోవడం. ఇదే అందరూ చేసేది, ఖర్చు లేనిది.

మేడ మీద వెన్నెట్లో ఆడుకుందాం అనే ఆలోచన వినడానికి బాగుంటుంది. దోమలూ సముద్రపు గాలీ కలిసి పది నిమిషాల్లో కిందికి దింపుతాయి. మేడ మీదికే వెళ్తామంటే ఐదో అడుగులో చెప్పబోయే పులి-మేక పలక పట్టుకెళ్ళండి.

చప్పుడు సంగతి కూడా చూసుకోండి. క్యారమ్స్ ఇద్దరు ఆడుకోవడానికి చాలా మంచి ఆట. కానీ రాత్రి పదింటికి స్ట్రైకర్ అంచుకు తగిలిన ప్రతిసారీ "టప్"మని పక్క గదిలోకి వినిపిస్తుంది. క్యారమ్స్‌ను ఆదివారం మధ్యాహ్నానికి ఉంచుకోండి. పాచికలు వేసే ఆటకైతే ఒక పళ్ళెంలో పాత తువ్వాలు పరిచి అందులో వేయండి.

మూడో అడుగు: మీ ఇద్దరి తత్వం

పెళ్ళిలో బిందెలో ఉంగరం తీసే ఆట గుర్తు తెచ్చుకోండి. ఎవరు మోచేతి దాకా చెయ్యి పెట్టి గెలిచారు? ఎవరు పోనీలే అని వదిలేశారు? ఎవరు ఓడిపోయి, చుట్టాలందరి ముందు నవ్వుతూనే లోపల ఉడుక్కున్నారు? బోర్డు గేమ్ ముందు కూర్చున్నప్పుడు కూడా అదే మనిషి బయటికి వస్తాడు. పదేళ్ళ కాపురం దాన్ని మార్చి ఉండకపోవచ్చు.

ఇద్దరూ గట్టి పట్టుదల మనుషులైతే పోటీ ఆటలు పెట్టండి, సరదాగా పోట్లాడుకుంటారు. ఒకరికి ఓటమి పడదు, ఇంకొకరికి గెలుపు దాచుకోవడం రాదు అంటే, ఇద్దరూ ఒకే జట్టుగా ఆడే ఆటలు చూడండి. గెలిచినా ఓడినా ఇద్దరికీ పెద్ద తేడా లేదంటే అదృష్టం కాస్త కలిసిన ఆటలు హాయిగా ఉంటాయి. ఓడిపోయినవాళ్ళు "ముక్కలు పడలేదబ్బా" అనుకోవచ్చు. ఆ మాట అనుకునే వీలు ఉండటం కాపురానికి చాలా అవసరం.

చదరంగంతో వచ్చే చిక్కు ఇక్కడే. ఆట గొప్పదే, ఇద్దరిదే. కానీ ఒకరు స్కూల్లో టోర్నమెంట్లు ఆడి, మరొకరికి గుర్రం ఎలా నడుస్తుందో మాత్రమే తెలిస్తే, ఇరవై ఆటలాడినా ఇరవైసార్లూ ఒకరే గెలుస్తారు. అందులో "ముక్కలు పడలేదు" అనే మాటకు చోటే లేదు. పైన మెచ్చుకున్న హైవ్‌కూ ఈ గుణం కొంత ఉంది. ఒకరు ముందే దిట్ట అయితే అది కొనకండి. ఇద్దరూ కొత్తవాళ్ళయితే కొనండి.

జట్టు ఆటలకూ ఒక జబ్బుంది. ఒకరే ఆడించేస్తారు. "నువ్వు అక్కడికెళ్ళు, ఆ కార్డు నాకివ్వు, ఇప్పుడు ఇది చెయ్యి." రెండోవాళ్ళు చేతులు మాత్రమే అరువిచ్చినట్టు అవుతుంది. ప్రపంచమంతటా వ్యాపిస్తున్న రోగాలను ఇద్దరు కలిసి అరికట్టే "పాండెమిక్" మంచి ఆటే, కానీ ఇంట్లో ఆర్డర్లు వేసే అలవాటున్న మనిషి ఉంటే అందులో ఆ అలవాటు ఇంకా పెరుగుతుంది. అలాంటివాళ్ళకు ఒకరి చేతిలో ఏముందో ఇంకొకరికి తెలియని జట్టు ఆటలు మందు. "హనాబి"లో మీ ముక్కలు మీకు కనిపించవు. బొమ్మ వైపు ఎదుటివాళ్ళకు చూపిస్తూ పట్టుకోవాలి. ఆమె మీకు సూచన ఇస్తుంది, ఆ సూచనలూ లెక్కపెట్టి ఇవ్వాలి. "స్కై టీమ్"లో ఒకరు పైలట్, ఒకరు కోపైలట్. ఇద్దరూ కలిసి విమానం దించాలి. పాచికలు వేసేదాకా ఎంతైనా మాట్లాడుకోవచ్చు, వేశాక నోరు విప్పకూడదు. జర్మనీలో ఏటా ఇచ్చే "ష్పీల్ దెస్ యారెస్" పురస్కారం 2024లో దీనికే వచ్చింది. ఒక్క ఆట ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది. దంపతుల ఆటల్లో ఒక్కటే చెప్పమంటే నేను దీన్నే చెబుతాను, ఇంగ్లీషులో ఉన్న నియమాలు ఎవరో ఒకరు ఓపికగా చదివితే.

నాలుగో అడుగు: పెట్టె మీద అంకెలను నమ్మకండి

"2–4 మంది" అని ఉన్నంత మాత్రాన ఇద్దరికి బాగుంటుందని కాదు. అసలు ఇద్దరికి పనికిరానివీ ఉన్నాయి. బాగా పేరున్న "కటాన్" మామూలు పెట్టె 3 నుంచి 4 మందికి. ఒకరితో ఒకరు సరుకులు మార్చుకుంటూ, బేరాలాడుతూ నడిచే ఆట అది. ఇద్దరే ఉంటే ఎవరితో బేరం? మోనోపలీదీ ఇదే తంతు. నలుగురుంటే గోల, ఇద్దరుంటే ఒకరు మెల్లగా దివాలా తీయడం ఇంకొకరు చూస్తూ కూర్చోవడం.

బోర్డ్‌గేమ్‌గీక్ అనే వెబ్‌సైట్‌లో ఆట పేరు కొట్టి చూడండి. ఎంతమంది ఉంటే ఆట బాగుంటుందో ఆడినవాళ్ళు వేసిన ఓట్లు అక్కడ ఉంటాయి. అందులో ఇద్దరికి "బెస్ట్" అని రాకపోతే డబ్బు పెట్టే ముందు ఆలోచించండి. పక్కనే "వెయిట్" అని 1 నుంచి 5 దాకా ఒక అంకె కనిపిస్తుంది. బుర్రకు ఎంత పనో చెప్పే అంకె అది. పగలంతా పని చేసి వచ్చిన ఇద్దరికి 2 లోపు చాలు. ఆటలకు అలవాటు పడ్డాక రెండున్నర దాకా వెళ్ళొచ్చు.

ఇంకో సంగతి. నలుగురిలో మెత్తగా ఉండే ఆట ఇద్దరిలో పదునెక్కొచ్చు. అజూల్‌లో నలుగురుంటే ఎవరికి ఏ పలకలు మిగులుతాయో చెప్పలేం. ఇద్దరే ఉంటే, ఎదుటివాళ్ళు పెట్టుకోలేనన్ని పలకలు కావాలనే వాళ్ళ నెత్తిన పడేలా చేయొచ్చు. పెట్టుకోలేని ప్రతి పలకకూ పాయింట్లు పోతాయి. కొంతమందికి ఇది మహా సరదా. ఉంగరం ఆటలో ఉడుక్కున్న మనిషికి మాత్రం కాదు.

ఐదో అడుగు: కొనేముందు, ఇంట్లో ఉన్నవాటితో

అసలు మీ ఇద్దరికీ ఆటలు పడతాయో లేదో తెలియకుండా రెండు మూడు వేలు పెట్టి పెట్టె కొనక్కర్లేదు. మన పాత ఆటల్లో మూడు నాలుగు ఇద్దరి కోసమే పుట్టినట్టు ఉంటాయి. అందులో నా ఓటు పులి-మేకకు.

మార్కాపురం పలక ఒకటి తెచ్చుకోండి. స్కూలు పిల్లల సైజుది చాలు. పైన మధ్యలో ఒక చుక్క పెట్టండి. అక్కడినుంచి కిందికి విసనకర్ర పుల్లల్లా నాలుగు గీతలు దించండి. వాటి కొనలను కలుపుతూ ఒక అడుగు గీత గీయండి. ఇప్పుడు పైచుక్కకూ అడుగు గీతకూ మధ్య మూడు అడ్డగీతలు గీయాలి. ఇవి త్రికోణం లోపలే ఆగిపోకుండా రెండు పక్కలా కొంచెం బయటికి రావాలి, మూడింటి పొడవూ సమానంగా ఉండాలి. బయటికొచ్చిన కొనలను రెండు వైపులా నిలువు గీతలతో కలపండి. త్రికోణం మీద ఒక పెట్టె అడ్డంగా కూర్చున్నట్టు వస్తుంది. గీతలు కలిసే చోట్లు లెక్కపెట్టండి: పైన 1, ఒక్కో అడ్డగీత మీద 6 చొప్పున 18, అడుగున 4. మొత్తం 23 వస్తే సరిగ్గా గీసినట్టే. ముందు బలపంతో గీసుకుని, సరిచూసుకున్నాక తెల్ల పెయింటుతో దిద్దితే ఏళ్ళతరబడి ఉంటుంది. పలక లేకపోతే చీమకుర్తి నల్ల గ్రానైటు పరిచిన నేల మీద సుద్దముక్కతో గీయండి. పొద్దున తడిగుడ్డ పెడితే పోతుంది.

మేకలకు 15 చింతపిక్కలు, పులులకు 3 గవ్వలో సీసా మూతలో. పులులను పైచుక్క మీద ఒకటి, దాని కింది అడ్డగీత మీద లోపలి రెండు చోట్ల రెండు పెట్టి మొదలుపెట్టండి. మీ ఊళ్ళో వేరేగా పెడితే అలాగే కానివ్వండి. మేకల మనిషి వంతుకొకటి చొప్పున ఖాళీ చోట పెడుతూ పోతారు. 15 పెట్టేదాకా మేకలు కదలకూడదు. పులి మాత్రం మొదటినుంచీ గీత వెంట ఒక అడుగు వేయొచ్చు, లేదా పక్కనున్న మేక మీదుగా నేరుగా అవతలి ఖాళీ చోటికి దూకి దాన్ని తినేయొచ్చు. ఒకేసారి రెండు మేకల మీదుగా దూకడం లేదు. మూడు పులులూ కదల్లేకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు. ఎన్ని మేకలు పోతే పులి గెలిచినట్టో ఊరికో లెక్క. ముందే మాట్లాడుకోండి, ఆరు అనుకుంటే ఆట మరీ సాగదు.

కొత్తగా మేకలు ఆడేవాళ్ళకు ఒక రహస్యం. బయటి పెట్టె నాలుగు మూలలూ, అడుగు గీత రెండు కొనలూ భద్రమైన చోట్లు. అక్కడున్న మేక మీదుగా దూకుదామంటే అవతల దిగడానికి చోటుండదు. మొదటి ఆరు మేకలూ అక్కడే సర్దితే పులి ఆకలితో తిరుగుతుంది. అసలు కష్టం ఏడో మేక దగ్గర మొదలవుతుంది. అప్పుడు మేకలను జంటలుగా, ఒకదాని వెనక ఒకటి పెట్టుకుంటూ రావాలి.

ఇద్దరి మధ్య నైపుణ్యం తేడా ఉంటే ఈ ఆటలో మందు ఆటలోనే ఉంది. పులులు, మేకలు ఆడే తీరే వేరు కాబట్టి ఒక ఆట అయ్యాక పక్షాలు మార్చుకోండి. రెండు ఆటల్లో ఎవరు ఎక్కువ మేకలు తిన్నారో చూసి గెలుపు తేల్చండి. "ఏమండీ, నా పులిని కట్టేయడానికి పదిహేను మేకలూ కావాల్సొచ్చాయి మీకు" అని ఆమె అంటే, జవాబు మళ్ళీ పలక మీదే ఇవ్వాలి.

వామనగుంటలు అత్తగారి పెట్టెలో ఉండే ఉంటాయి. రెండు వరుసల్లో ఏడేసి గుంటలున్న చెక్క, చింతపిక్కలు. ఒక గుంటలోవి తీసి ఒక్కొక్కటే పంచుకుంటూ వెళ్ళడం, ఆఖరి పిక్క తర్వాత గుంట ఖాళీ అయితే దాని అవతలి గుంటలోవి గెలుచుకోవడం. గుంటకు ఎన్ని పిక్కలతో మొదలుపెట్టాలో ఇంటింటికీ తేడా. చాలా ఇళ్ళలో ఆడవాళ్ళకే వచ్చిన ఆట, మగవాళ్ళు చిన్నప్పుడు పక్కన కూర్చుని చూసి ఉంటారంతే. చదరంగంలో ఎప్పుడూ ఓడే భార్య ఇక్కడ లెక్క సరిచేస్తుంది.

దాడి ఆట కూడా ఇద్దరిదే, చెరి తొమ్మిది పిక్కలు. మూడు వరుసగా కూడితే "దాడి", ఎదుటివాళ్ళది ఒకటి తీసేయొచ్చు. పది నిమిషాలే పడుతుంది. అష్టాచెమ్మా నలుగురి గళ్ళ ఆటైనా ఎదురెదురుగా కూర్చుని ఇద్దరూ ఆడుకోవచ్చు. నాలుగు గవ్వల మీద అదృష్టం, ఏ కాయను కదపాలన్న దానిలో తెలివి. వైకుంఠపాళి మాత్రం వద్దు. అందులో మీరు చేయాల్సిన నిర్ణయమే లేదు, పాము మింగితే మింగింది. పిల్లతో ఆడుకోండి.

ఇవి ఓ నెల ఆడి, మీకు పోటీ ఇష్టమా జట్టా, ఆలోచన ఇష్టమా అదృష్టమా అన్నది తేలాక కొనుగోలుకు దిగండి.

ఆరో అడుగు: కొనాలంటే ఏది

నెల్లూరు ట్రంకు రోడ్డులోనైనా, ఒంగోలులోనైనా బొమ్మల దుకాణాలకు వెళ్తే చదరంగం, క్యారమ్స్, లూడో, మోనోపలీ కనిపిస్తాయి. పెద్ద దుకాణాల్లో "సీక్వెన్స్" కూడా దొరుకుతుంది. ఇద్దరికి ఇది నిజంగానే మంచి ఆట. బోర్డు మీద పేకముక్కల బొమ్మలుంటాయి. చేతిలోని ముక్కకు సరిపోయే చోట బిళ్ళ పెట్టి, ఐదు వరుసగా కూడాలి. ఇద్దరు ఆడితే అలాంటి వరుసలు రెండు కావాలి. రెండు కళ్ళ జాకీ అయితే ఎక్కడైనా పెట్టొచ్చు, ఒంటికన్ను జాకీ అయితే ఎదుటివాళ్ళ బిళ్ళ తీసేయొచ్చు. రమ్మీ తెలిసినవాళ్ళకు రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది. ఒక్కటే ఇబ్బంది. పెట్టెలో ఉన్నవి అచ్చం పేకముక్కలే. ఇంట్లో పేక కనిపిస్తే పెద్దవాళ్ళు ఊరుకోని ఇల్లైతే బోర్డు పరిచి చూపించాకే ముక్కలు తీయండి.

మిగతావి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, లేదా చెన్నై వెళ్ళే పని ఉన్నప్పుడు అక్కడ చూసుకోవాలి. అసలు ధరలో మూడో వంతుకే వస్తోందంటే అది నకిలీ కావడానికే అవకాశం ఎక్కువ. ముక్కల రంగులు సరిగా వేరు తెలియవు, పేక పల్చగా ఉంటుంది, నియమాల పుస్తకం మసకగా ఉంటుంది. కొన్నవాళ్ళు రాసిన ఫిర్యాదులు ముందు చదవండి.

ఇద్దరి కోసమే తయారైన వాటిలో మొదట చూడాల్సినవి మూడు.

జైపూర్: 2009లో వచ్చింది. ఇద్దరూ వ్యాపారులు. బజారులో ఐదు ముక్కలు పరిచి ఉంటాయి. వంతు వస్తే తీసుకోవాలి, లేదా అమ్మాలి, రెండూ చేయకూడదు. తోలు, బట్ట, సుగంధద్రవ్యాలు, వెండి, బంగారం, వజ్రాలు, మధ్యలో ఒంటెలు. ముందు అమ్మినవాళ్ళకు ఎక్కువ ధర, ఒకేసారి ఎక్కువ సరుకు అమ్మినవాళ్ళకు బోనస్. చేతిలో ఏడు ముక్కలకు మించి ఉంచుకోకూడదు. ఇంకో వెండి వస్తే ఆగి అమ్ముదామా, ఈలోపే ఆమె అమ్మేస్తుందా అనే టెన్షన్‌లోనే ఆటంతా ఉంది. మిర్చి యార్డులోనో పొగాకు వేలంలోనో ధర కోసం ఎదురుచూసిన ఇళ్ళవాళ్ళకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. ముక్కల మీద చదవాల్సిన ఇంగ్లీషు ఏమీ లేదు.

ప్యాచ్‌వర్క్: ఉవే రోజెన్‌బెర్గ్ చేసిన ఆట, 2014 నాటిది. గుడ్డముక్కలు కొని 9 గళ్ళు, 9 గళ్ళ చదరం మీద బొంత కుట్టాలి. డబ్బుకు బదులు గుండీలు. ఒక్కో ముక్కకు గుండీలతోపాటు కొంత సమయం కూడా ఖర్చవుతుంది. సమయంలో వెనకబడ్డవాళ్ళదే తర్వాతి వంతు, అందువల్ల ఒక్కోసారి వరుసగా రెండు మూడు వంతులు ఒకరికే వస్తాయి. చివర్లో నింపని ప్రతి గడికీ రెండు పాయింట్లు పోతాయి. పాత చీరలతో బొంతలు కుట్టిన అమ్మమ్మలున్న ఊళ్ళలో దీన్ని వివరించడం తేలిక. ఎదుటివాళ్ళను దెబ్బతీసే పని ఇందులో తక్కువ కాబట్టి ఓటమి పడనివాళ్ళకూ నప్పుతుంది. 33 ముక్కలను చుట్టూ గుండ్రంగా పరచాలి, చాప మీద చోటు చూసుకోండి.

లాస్ట్ సిటీస్: రైనర్ క్నీజియా 1999లో చేసింది. పేకే, కానీ వేరే రకం. రంగుకొక యాత్ర, చిన్న అంకె నుంచి పెద్ద అంకెకు ఎక్కుతూ పోవాలి. యాత్ర మొదలుపెట్టగానే 20 పాయింట్లు అప్పు పడ్డట్టు. ఆ అప్పు తీర్చి పైన మిగిలిందే లాభం. లెక్కలంటే ఇష్టమున్న జంట దీన్ని వదలరు. లెక్కలంటే చిరాకు పడే మనిషికి చివర్లో కూడికలు ఒప్పగించకండి.

నాలుగోది కావాలంటే "కార్కసోన్". ఇద్దరి కోసమే చేసింది కాకపోయినా ఇద్దరికి చక్కగా నప్పుతుంది. 72 పలకలతో కోటలు, దారులు కట్టుకుంటూ పోతుంటే బోర్డు చాప అంచుల దాకా పెరుగుతుంది. "సెవెన్ వండర్స్ డ్యుయెల్" బాగుంటుందని చాలామంది చెబుతారు, నిజమే. కానీ దానిలో గుర్తులు ఎక్కువ, మొదటి రాత్రి వాటిని పోల్చుకోవడానికే సరిపోతుంది. మొదటి మూడూ పాతబడ్డాక చూడండి.

ఏడో అడుగు: భాష అడ్డం రాకుండా

స్క్రాబుల్ లాంటి ఇంగ్లీషు మాటల ఆటలో ఇద్దరి ఇంగ్లీషు సమానంగా లేకపోతే అది ఆటలా ఉండదు, పరీక్షలా ఉంటుంది. అలాంటివి వదిలేయండి. ఒక్క మాటల ఆటను మాత్రం తెలుగులోకి తేలిగ్గా మార్చుకోవచ్చు. అది "కోడ్‌నేమ్స్ డ్యుయెట్". ఇద్దరూ ఒకే జట్టు. 25 మాటలు ఐదు వరుసలుగా పరుస్తారు. మధ్యలో నిలబెట్టే కార్డుకు రెండు వైపులా రెండు పటాలు, మీకు కనిపించేది మీకే. మీ వైపు ఆకుపచ్చగా ఉన్న తొమ్మిది మాటలను ఆమె కనిపెట్టేలా, ఒక మాటా ఒక అంకే చెప్పాలి. ఆమె వైపు తొమ్మిదింటిని మీరు కనిపెట్టాలి. నల్లగా ఉన్న మాటను తాకితే ఆట అక్కడితో సరి.

పెట్టెలోని ఇంగ్లీషు మాటలను పక్కన పెట్టి, పటాల కార్డులు మాత్రం వాడుకోండి. మాటల ముక్కలు పల్చటి కాగితం మీద రాస్తే ఫ్యాను పని చెబుతుంది. ఇంట్లో పోగైన శుభలేఖలను కత్తిరించి వెనకవైపు రాయండి, మందంగా ఉంటాయి. పసుపు పెట్టి దాచుకున్న సొంత శుభలేఖ జోలికి పోవద్దు. రొయ్య, గిత్త, పలక, పొగాకు, పులుసు, రైలు, భారతం, ముగ్గు, పెన్న, అల్లుడు, పాలు, ఉప్పు... ఇలా వంద దాకా ఇద్దరూ కూర్చుని రాయండి. ఆ రాయడమే ఒక సాయంత్రం అవుతుంది.

ఇప్పుడు ఆమె "ఒంగోలు, రెండు" అంటుంది. మీరు గిత్త మీద వేలు పెడతారు, సరే. రెండోది పాలా, పొగాకా? గిత్త నుంచి ఆలోచిస్తే పాలు, వాళ్ళ నాన్న పండించిన పంట నుంచి ఆలోచిస్తే పొగాకు. నోరు విప్పకూడదు కాబట్టి ఆమె ముఖం చూస్తారు, ఆమె సీలింగు చూస్తుంది. "తిక్కన, రెండు" అంటే పెన్న, భారతం అని నెల్లూరు మనిషి అరక్షణంలో చెబుతాడు. పక్క జిల్లా అల్లుడికి కాస్త టైమివ్వాలి.

ఎనిమిదో అడుగు: మొదటి రాత్రి ఎలా నడపాలి

నియమాల పుస్తకం తెరిచి, అక్కడే కూర్చుని చదువుతూ ఆడదామనుకుంటే ఆ రాత్రి పోయినట్టే. ఇద్దరిలో ఒకరు ముందురోజే చదివేసుకోవాలి. యూట్యూబులో ఆడి చూపించే వీడియో ఉంటే చూసేయాలి. ఒక్కరే రెండు వైపులా నాలుగు వంతులు ఆడి చూసుకుంటే ఇంకా మేలు.

చెప్పేటప్పుడు ముందు గెలుపు ఎలాగో చెప్పండి. తర్వాత వంతులో ఏం చేయొచ్చో చెప్పండి. మినహాయింపులు అవసరం వచ్చినప్పుడు చెప్పొచ్చు. మొదటి రౌండు ముక్కలు తెరిచి పెట్టి ఆడండి, ఆ గెలుపు లెక్కలోకి రాదని ముందే అనుకోండి. నేర్పినవాళ్ళు మొదటి ఆటలో గెలవకపోతే నష్టమేం లేదు. అలాగని కావాలని ఓడిపోవద్దు, అవతలి మనిషి వెంటనే పట్టేస్తారు.

ఫోన్లు పక్క గదిలో పెట్టమని చాలామంది చెబుతారు. చెరువు మీద కాపలా ఉన్నవాళ్ళకు అది కుదిరే పని కాదు. రింగు ఉంచి, తెర బోర్లా పెట్టండి.

తొమ్మిదో అడుగు: తిండి, పందెం

మలై కాజా, అల్లూరయ్య మైసూర్‌పాక్ ఆట అయ్యాక. పాకం అంటిన వేలితో పట్టుకున్న ముక్కకు గుర్తు పడుతుంది. ఆ తర్వాత వెనకనుంచి చూసే ఆ ముక్క ఏదో చెప్పేయొచ్చు. మిరపకాయ బజ్జీ నూనెదీ అదే కథ. ఆట మధ్యలో తినాలంటే వేయించిన వేరుసెనగ గుళ్ళు, మరమరాలు. మిక్స్చర్ తప్పదంటే చెంచాతో తినండి. ఉదయగిరి చెక్క చెంచాలు ఇంట్లో ఉంటే ఇదే వాటికి తగిన పని. నీళ్ళ గ్లాసు, టీ కప్పు చాప మీద కాకుండా స్టూలు మీద ఉండాలి.

డబ్బు పందెం వద్దు, ఇంట్లో ఒకరి జేబులోంచి ఇంకొకరి పర్సులోకి పోయినా సరే. ఆదివారం చేపల పులుసుకు చేపలు తోమేదెవరు, రేపు పొద్దున పాల ప్యాకెట్‌కు వెళ్ళేదెవరు, ఈ వారం అంట్లు ఎవరివి లాంటి పందేలు బాగా నడుస్తాయి. ఒకటే షరతు, ఓడినవాళ్ళు చేసి తీరాలి. చేయకపోతే వచ్చే వారం ఆటకు విలువ ఉండదు.

పదో అడుగు: ఉంచుకోవాలా, ఇచ్చేయాలా

ఏ ఆటకైనా మూడుసార్లు ఛాన్సివ్వండి. మొదటిసారి నియమాలు, రెండోసారి తప్పులు. మూడోసారి గానీ ఆట తెలియదు. అప్పటికీ ఇద్దరిలో ఒకరు "సరేలే, ఆడదాం" అని మొహమాటానికి కూర్చుంటుంటే ఆ పెట్టెను చెల్లెలికో, తోడికోడలికో ఇచ్చేయండి. ఒక ఆట బాగా నచ్చిందని వెంటనే దాని అదనపు పెట్టెలు కొనకండి. వాటితో నియమాలు పెరుగుతాయి, పరచడానికి పట్టే టైము పెరుగుతుంది. మీ దగ్గర లేనిది టైమే కదా.

ఉంచుకున్నవాటికి ముప్పు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మనకు వానలు ఎక్కువగా పడేది ఈశాన్య రుతుపవనాలకే. వాయుగుండం పట్టిందంటే వారం రోజులు ఇంట్లో బట్టలే ఆరవు, అట్టముక్కలు ఉబ్బుతాయి, పేక ఒకదానికొకటి అతుక్కుంటుంది. మందుల సీసాల్లో, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు దాచిపెట్టి ఒక్కో ఆట పెట్టెలో రెండేసి వేయండి. పెట్టెలను నేల మీద, బయటి గోడకు ఆనించి పెట్టొద్దు. బీరువాలో పై అరలో, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో ఉంచండి. కరెంటు పోయిన రాత్రుల కోసం ఎమర్జెన్సీ లైటు ఛార్జింగ్‌లో ఉందో లేదో చూసుకోండి. ఆ వెలుతురులో రంగులు పోల్చుకోవడం కష్టం కాబట్టి లాస్ట్ సిటీస్, హనాబి లాంటివి పక్కన పెట్టి, హైవ్‌గానీ పులి-మేక పలకగానీ తీయండి.